పిల్లల్లో మైగ్రేన్, మూర్ఛ: పోలికలు ఏమిటి? తేడా తెలుసుకోవడం ఎలా?

తొమ్మిదేళ్ల పిల్లవాడు తరగతిలో పాఠం వింటూ ఉన్నట్టుండి కళ్లముందు రంగురంగుల చుక్కలు తిరుగుతున్నాయని చెబుతాడు. ఒకటి రెండు నిమిషాల్లో అవి మాయమవుతాయి. ఆ తరువాత తలనొప్పి, ఒక వాంతి. ఇంటికి తీసుకువెళితే పడుకుని నిద్రపోతాడు. లేచేసరికి ఎప్పటిలాగే ఆడుకుంటాడు. ఇంట్లో పెద్దలు దీన్ని పార్శ్వనొప్పిగా భావిస్తారు. తల్లికో, మేనమామకో అదే బాధ ఉంటే ఆ నమ్మకం మరింత బలపడుతుంది. చాలాసార్లు వారి ఊహ నిజమే అవుతుంది. అయితే కొందరు పిల్లల్లో ఇవే లక్షణాలతో కనిపించేది మూర్ఛ వ్యాధి.

మైగ్రేన్‌కూ మూర్ఛకూ మధ్య ఉన్న సంబంధం వైద్యశాస్త్రానికి వందేళ్లకు పైగా తెలుసు. రెండూ మెదడులో పుట్టేవే. రెండూ వచ్చిపోతుంటాయి. ఒకే బిడ్డలో రెండూ ఉండవచ్చు. కొన్ని మందులు రెండింటికీ పనిచేస్తాయి. అయినా అవి రెండు వేరువేరు వ్యాధులు. ఒకదాన్ని మరొకటిగా పొరబడితే బిడ్డకు అవసరమైన మందు అందకపోవచ్చు, అవసరం లేని మందు ఏళ్ల తరబడి వాడవలసి రావచ్చు. ఈ రెంటి మధ్య తేడాను పట్టించే ఆధారాల్లో ముఖ్యమైనది ఖరీదైన పరీక్ష కాదు. దగ్గరుండి చూసినవారు చెప్పే వివరం, ముఖ్యంగా అది ఎంతసేపు ఉన్నదన్న లెక్క.

పిల్లల మైగ్రేన్ పెద్దల మైగ్రేన్ వంటిది కాదు

మైగ్రేన్ నాడీమండలానికి సంబంధించిన వ్యాధి. తలనొప్పి దాని లక్షణాల్లో ఒకటి. పుర్రెలో సగం అనే అర్థం గల గ్రీకు పదం నుంచి ఆ పేరు వచ్చింది. ఆయుర్వేదంలో దీన్ని అర్ధావభేదకమన్నారు. తెలుగులో పార్శ్వనొప్పి, ఒంటితలనొప్పి అనే పేర్లున్నాయి. ఈ పేర్లన్నీ తలలో ఒక పక్కను సూచించేవే. పిల్లల విషయంలో మాత్రం ఇది తరచు వర్తించదు. చిన్నపిల్లల్లో నొప్పి నుదుటి మీద రెండు వైపులా రావడం సాధారణం. పెద్దల్లో కనీసం నాలుగు గంటలు ఉండే నొప్పి, పిల్లల్లో రెండు గంటలకే తగ్గిపోవచ్చు. వికారం, వాంతులు, వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడం, చీకటి గదిలో నిద్రపోతే ఉపశమనం కలగడం దీని గుర్తులు.

మరికొందరు పిల్లల్లో తలనొప్పి లేకుండానే మైగ్రేన్ స్వభావం బయటపడుతుంది. బొడ్డు చుట్టూ పదేపదే వచ్చే కడుపునొప్పి, ఒక క్రమంలో వచ్చిపోయే వాంతులు, ఉన్నట్టుండి తల తిరిగి తూలిపోవడం వంటివాటిని వైద్యులు మైగ్రేన్‌కు సంబంధించిన స్థితులుగా గుర్తించారు. పిల్లలు, కౌమారదశలోని వారిలో ప్రతి వందమందికీ సుమారు పదిమందికి మైగ్రేన్ ఉన్నట్టు వివిధ దేశాల అధ్యయనాలు సూచిస్తున్నాయి. యుక్తవయసు వచ్చేదాకా ఆడపిల్లలు, మగపిల్లల మధ్య పెద్ద తేడా ఉండదు. ఆ తరువాత ఆడపిల్లల్లో ఎక్కువవుతుంది.

కొందరికి నొప్పి మొదలయ్యేముందు చూపులో మార్పు వస్తుంది. మెరుస్తున్న వంకర గీతలు, మధ్యలో కనిపించని మచ్చ, చేతి నుంచి ముఖం దాకా నెమ్మదిగా పాకే తిమ్మిరి, మాట తడబడటం వంటి ఈ పూర్వలక్షణాలను వైద్య పరిభాషలో ఆరా అంటారు. ఆరా నిమిషాల మీద పెరుగుతుంది. ఒక్కో లక్షణం సాధారణంగా 5 నుంచి 60 నిమిషాల దాకా ఉంటుంది.

మూర్ఛ అంటే కొట్టుకోవడం ఒక్కటే కాదు

మెదడు కణాలు ఒక్కసారిగా, అదుపు తప్పి, ఒకే లయలో విద్యుత్ సంకేతాలను వెలువరిస్తే వచ్చేదాన్ని ఫిట్ అంటారు. జ్వరం వంటి తక్షణ కారణమేదీ లేకుండా, కనీసం ఒక రోజు వ్యవధిలో రెండుసార్లు ఫిట్ వస్తే మూర్ఛ వ్యాధిగా పరిగణిస్తారు. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువగా ఉన్నదని తేలితే అప్పుడూ మూర్ఛగానే నిర్ధారిస్తారు. అంతర్జాతీయ మూర్ఛ వ్యాధి వ్యతిరేక సంఘం 2014లో ఈ నిర్వచనాన్ని స్థిరపరిచింది.

మూర్ఛ అనగానే కింద పడి కాళ్లూచేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం గుర్తుకు వస్తాయి. పిల్లల్లో అనేక రకాల మూర్ఛ ఇలా ఉండదు. కొన్ని సెకండ్లు చూపు నిలిచిపోయి పిలిస్తే పలకకపోవడం, మూతి ఒక పక్కకు లాగడం, నిద్రలో లేచి వాంతి చేసుకుని కళ్లు ఒకవైపు తిప్పేయడం, కళ్లముందు రంగులు కనిపించడం కూడా మూర్ఛ రూపాలే.

ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో దాదాపు 80 శాతం మంది అల్ప, మధ్యాదాయ దేశాల్లో ఉన్నారు. సరిగ్గా నిర్ధారించి చికిత్స అందిస్తే 70 శాతం వరకు రోగులు ఫిట్స్ లేకుండా జీవించగలరని ఆ సంస్థ చెబుతోంది. భారతదేశంలో మూర్ఛ రోగుల సంఖ్య కోటికి పైగా ఉంటుందన్నది నిపుణుల అంచనా.

పొలిమేర వ్యాధులు

ఈ రెంటి బంధుత్వంపై చర్చ 19వ శతాబ్దంలోనే మొదలైంది. ఆంగ్ల వైద్యుడు ఎడ్వర్డ్ లైవింగ్ 1873లో పార్శ్వనొప్పిపై ప్రచురించిన గ్రంథంలో, అది నాడుల్లో చెలరేగే తుపాను వంటిదని, మూర్ఛకు దగ్గరి చుట్టమని వాదించాడు. 1907లో లండన్ నాడీ వైద్యుడు సర్ విలియం గవర్స్ మూర్ఛకు పొలిమేరలో ఉండే వ్యాధులపై ఒక పుస్తకం వెలువరించాడు. సొమ్మసిల్లడం, తల తిరగడం, నిద్రకు సంబంధించిన సమస్యలతో పాటు మైగ్రేన్‌ను కూడా అందులో చేర్చాడు. ఈ రెండు వ్యాధులకు ఉన్న సంబంధాల్లో తరచు ఎదురయ్యేది, ఒకదాన్ని చూసి మరొకటిగా పొరబడటమేనని ఆయన హెచ్చరించాడు. శతాబ్దం దాటినా ఆ హెచ్చరిక విలువ తగ్గలేదు.

మెదడు లోపల జరిగేదేమిటో తెలియడానికి 1944 వరకు ఆగవలసి వచ్చింది. బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లియావ్ అనే యువ పరిశోధకుడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల మెదడుపై ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయన అధ్యయనం చేయదలచింది మూర్ఛను. విద్యుత్ ప్రేరణ ఇస్తే మెదడు పొరలో ఫిట్‌కు సంబంధించిన సంకేతాలు రావాలి. అందుకు విరుద్ధంగా మెదడు విద్యుత్ చర్య అణగిపోయి, ఆ నిశ్శబ్దం అల మాదిరిగా నెమ్మదిగా పక్క ప్రాంతాలకు వ్యాపించింది. మైగ్రేన్ ఆరాకు మూలంగా శాస్త్రవేత్తలు నేడు భావిస్తున్నది ఈ అలనే. మూర్ఛను వెతుకుతూ వెళ్లిన పరిశోధకుడికి మైగ్రేన్ రహస్యం దొరికిందన్నమాట.

వేగంలోనే తేడా

రెంటికీ ఆరంభం మెదడు కణాలు మితిమీరి ఉత్తేజితం కావడమే. గ్లుటమేట్ అనే రసాయనం పెరగడం, కణాల వెలుపల పొటాషియం పోగుపడటం వంటి మార్పులు రెండింటిలోనూ కనిపిస్తాయి. ఆ తరువాత దారులు వేరవుతాయి. ఫిట్‌లో ఉత్తేజం క్షణాల్లో వ్యాపిస్తుంది, కణాలన్నీ కలిసి పదేపదే సంకేతాలు వెలువరిస్తాయి. మైగ్రేన్‌లో ఉత్తేజం ఒక్కసారి ఎగసి, వెంటనే ఆ ప్రాంతం కొంతసేపు మూగబోతుంది. ఆ అల నిమిషానికి సుమారు 2 నుంచి 6 మిల్లీమీటర్ల వేగంతో మాత్రమే కదులుతుంది.

ఈ వేగాన్ని లియావ్ కన్నా ముందే ఒక రోగి లెక్కగట్టాడు. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కార్ల్ లాష్లీకి మైగ్రేన్ ఉండేది. తన కళ్లముందు వంకర గీతలు విస్తరించే తీరును కాగితంపై గీసుకుంటూ, మెదడు పొర మీద ఆ అవాంతరం నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున కదులుతున్నదని 1941లో ఆయన అంచనా వేశాడు.

ఇంట్లో తల్లిదండ్రులకు ఉపయోగపడేది ఈ వేగమే. నెమ్మదిగా కదిలే అల వల్ల మైగ్రేన్ ఆరా నిమిషాల మీద పెరుగుతుంది. వేగంగా వ్యాపించే ఫిట్ సెకండ్లలో మొదలై, ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. మొదట చెప్పుకున్న పిల్లవాడికి రంగు చుక్కలు ఒకటి రెండు నిమిషాలే ఉన్నాయన్న వివరం వైద్యుడికి అందుకే కీలకం.

పరిశోధనల్లో తేలినది

ఒకే వ్యక్తిలో రెండు వ్యాధులూ ఉండటం యాదృచ్ఛికమా? అమెరికాలో రూత్ ఆట్‌మన్, రిచర్డ్ లిప్టన్ 1994లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు సమాధానం వెతికింది. మూర్ఛ రోగులను, మూర్ఛ లేని వారి బంధువులతో పోల్చి చూసినప్పుడు, రోగుల్లో మైగ్రేన్ రెట్టింపుకు పైగా కనిపించింది.

పిల్లలకు సంబంధించి తరచు ప్రస్తావనకు వచ్చేది ఐస్‌లాండ్ అధ్యయనం. 2006లో వెలువడిన ఈ పరిశోధనలో, తక్షణ కారణం లేకుండా మొదటిసారి ఫిట్ వచ్చిన 5 నుంచి 15 ఏళ్ల పిల్లలను ఆరోగ్యవంతులైన పిల్లలతో పోల్చారు. మైగ్రేన్ ఉన్నవారికి ఫిట్ ముప్పు సుమారు నాలుగు రెట్లు, ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవారికి సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువని తేలింది. ఆరా లేని మైగ్రేన్‌తో మాత్రం ముప్పు పెరిగినట్టు కనిపించలేదు.

ఎనిమిది రెట్లు అన్న మాట విని తల్లిదండ్రులు భయపడనవసరం లేదు. ఏడాదిలో లక్షమంది పిల్లల్లో కొన్ని పదుల మందికి మాత్రమే కొత్తగా మూర్ఛ వస్తుంది. ఆ సంఖ్య ఎనిమిది రెట్లయినా నూటికి ఒక్కరి కన్నా తక్కువే. మైగ్రేన్ ఉన్న పిల్లల్లో అత్యధికులకు ఎన్నడూ ఫిట్స్ రావు. మైగ్రేన్ ముదిరి మూర్ఛగా మారుతుందనే ప్రచారానికి ఆధారం లేదు.

బంధుత్వానికి జన్యువుల్లోనూ సాక్ష్యం దొరికింది. కొన్ని కుటుంబాల్లో మైగ్రేన్‌తో పాటు శరీరంలో ఒక పక్క తాత్కాలికంగా చచ్చుబడుతుంది. ఈ అరుదైన వ్యాధికి మూడు జన్యువుల్లోని మార్పులు ప్రధాన కారణాలని గుర్తించారు. మెదడు కణాల్లోకి క్యాల్షియం, సోడియం, పొటాషియం రాకపోకలను నియంత్రించే ఈ జన్యువుల్లో మార్పులు కొందరిలో మూర్ఛకూ దారితీస్తాయి. వాటిలో ఒకటైన ఎస్‌సీఎన్1ఏ జన్యువులో వేరే రకం మార్పులు, పసితనంలోనే మొదలయ్యే డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛకు కారణమవుతాయి. అయితే సాధారణ మైగ్రేన్‌కు ఒకే జన్యువు కారణం కాదు. అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు, నిద్ర, ఆహారం, ఒత్తిడి వంటివి కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

పొరబడేది ఎక్కడ?

మెదడు వెనుక భాగంలో చూపును నియంత్రించే ప్రాంతం ఉంటుంది. అక్కడ మొదలయ్యే మూర్ఛను మైగ్రేన్‌గా భావించే ప్రమాదం ఎక్కువ. బాల్యంలో వచ్చే ఒక రకం మూర్ఛలో, సాధారణంగా ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో, రంగురంగుల గుండ్రని ఆకారాలు కనిపిస్తాయి. కొందరికి కాసేపు చూపు పోతుంది. తరువాత వాంతితో తలనొప్పి వస్తుంది. మైగ్రేన్‌లో కనిపించేవి ఎక్కువగా తెలుపు నలుపుల మెరుపు గీతలు. అవి నెమ్మదిగా విస్తరిస్తాయి, సాధారణంగా రోజూ రావు. మూర్ఛలో కనిపించే రంగు ఆకారాలు క్షణాల్లో మొదలవుతాయి, ఒకే రోజులో పలుమార్లు రావచ్చు. కళ్లు లేదా తల ఒక పక్కకు తిరగడం, మాటకు స్పందించకపోవడం కూడా ఉంటే మూర్ఛ అనుమానం బలపడుతుంది.

ఇంకా చిన్నవారిలో, ముఖ్యంగా మూడు నుంచి ఆరేళ్ల వయసులో, మరో రకం కనిపిస్తుంది. బిడ్డ నిద్రలోంచి లేచి పాలిపోయి, వాంతి చేసుకుని, కళ్లు ఒకవైపు నిలిపి ఉండిపోతాడు. ఇది అరగంటకు పైగా కొనసాగవచ్చు. మూర్ఛ త్వరగా ముగుస్తుందన్న సూత్రానికి ఇది మినహాయింపు. దీన్ని మొదట గుర్తించి వర్ణించిన వైద్యుడి పేరు మీద పనాయిటోపౌలస్ సిండ్రోమ్ అని పిలిచేవారు. అజీర్తి, మైగ్రేన్, మెదడువాపు అని పొరబడటం సాధారణం. చూడటానికి భయం గొలిపినా, చాలామంది పిల్లల్లో కొన్నేళ్లకు ఇది దానంతట అదే తగ్గిపోతుంది.

ఫిట్ తరువాత వచ్చే తలనొప్పి మరో చిక్కు. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఫిట్ ముగిసిన మూడు గంటల్లోపు మొదలై, 72 గంటల్లోపు తగ్గే నొప్పి ఈ కోవలోకి వస్తుంది. నిద్రలో వచ్చిన ఫిట్‌ను ఎవరూ చూడకపోతే, పొద్దున్నే తలనొప్పితో లేచిన బిడ్డకు మైగ్రేన్ అని ముద్ర పడిపోవచ్చు. నాలుక కొరుక్కోవడం, పక్క తడపడం, ఒళ్లంతా నొప్పులు ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి.

ఆరాతో కూడిన మైగ్రేన్ సాగుతుండగా, లేదా అది ముగిసిన గంటలోపు ఫిట్ రావడం చాలా అరుదు. తలనొప్పి ఒక్కటే ఫిట్ లక్షణంగా కనిపించే సందర్భాలు అంతకన్నా అరుదు.

తలంటు స్నానం, బద్దెపురుగు

ఈ రెండు వ్యాధుల కథలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన అధ్యాయం ఒకటి ఉంది. తల మీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ ప్రపంచంలో ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో దక్షిణ భారతదేశం ఒకటి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ వైద్యులు దీనిపై విస్తృతంగా అధ్యయనం చేశారు. చెంబుతో వేడినీళ్లు గబగబా తల మీద పోసుకునే అలవాటు దీన్ని ప్రేరేపిస్తుంది. గోరువెచ్చని నీళ్లు వాడటం, తలకు స్నానం వేరుగా నెమ్మదిగా చేయించడం వల్ల చాలామందికి ఉపశమనం లభిస్తుంది. కొందరికి మందులు అవసరమవుతాయి. కొందరిలో కాలక్రమంలో స్నానంతో నిమిత్తం లేకుండా కూడా ఫిట్స్ వస్తాయి కాబట్టి వైద్యుడి పర్యవేక్షణ మానకూడదు.

అదే తలంటు స్నానం కొందరికి మైగ్రేన్‌నూ తెచ్చిపెడుతుంది. ముంబయికి చెందిన తలనొప్పి వైద్య నిపుణుడు డాక్టర్ కె. రవిశంకర్ 94 మంది భారతీయ రోగుల్లో దీన్ని గమనించి 2006లో ప్రచురించారు. స్నానం తరువాత బిడ్డకు తలనొప్పి వచ్చిందా, స్నానం చేస్తుండగానే కళ్లు తేలేసి స్పృహ తప్పిందా అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

తలనొప్పి, ఫిట్స్ రెండూ ఉన్న బిడ్డకు మన దేశంలో మరో కారణాన్ని తప్పక పరిశీలించాలి. పందుల ద్వారా మనుషులకు సోకే బద్దెపురుగు గుడ్లు కలుషితమైన చేతులు, నీరు, పచ్చి కూరగాయల ద్వారా కడుపులోకి చేరితే, వాటి నుంచి వచ్చే లార్వాలు మెదడులో తిత్తులుగా స్థిరపడతాయి. వీటి వల్ల ఫిట్స్, తలనొప్పి వస్తాయి. గుడ్లు మనుషుల మలం ద్వారా వ్యాపిస్తాయి కాబట్టి మాంసం ముట్టని కుటుంబాల్లోనూ ఇది కనిపిస్తుంది. ఇది స్కానింగ్‌లో బయటపడుతుంది, దీనికి చికిత్స ఉంది. చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడకం, కూరగాయలను శుభ్రంగా కడగడం దీన్ని నివారిస్తాయి.

ఈఈజీ ఒక్కటే చాలదు

మెదడు విద్యుత్ చర్యను నమోదు చేసే ఈఈజీ పరీక్ష మూర్ఛ నిర్ధారణకు, అది ఏ రకమో తెలుసుకోవడానికి ఉపకరిస్తుంది. అయితే దానికి పరిమితులున్నాయి. మూర్ఛ ఉన్న బిడ్డకు ఈఈజీ మామూలుగా ఉండవచ్చు. ఎన్నడూ ఫిట్ రాని కొద్దిమంది పిల్లల్లో మూర్ఛ తరహా సంకేతాలు కనిపించవచ్చు. కాబట్టి తలనొప్పి ఒక్కటే ఉన్న బిడ్డకు అలవాటుగా ఈఈజీ తీయించడం అవసరం లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాగితం మీది గీతలను చూసి మాత్రమే మూర్ఛ మందులు ప్రారంభించడం సరికాదు.

వైద్యుడికి నిజంగా అక్కరకు వచ్చేది వివరం. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, ముందు ఏమి కనిపించింది, పిలిస్తే పలికాడా, కళ్లు ఎటు తిరిగాయి, తరువాత మత్తుగా పడుకున్నాడా అన్న సంగతులను రాసి ఉంచుకోవాలి. చేతిలో సెల్‌ఫోన్ ఉంటే వీడియో తీయడం మంచిది. కనిపించినవాటిని రంగు పెన్సిళ్లతో బొమ్మ గీయమంటే పిల్లలు మాటల్లో చెప్పలేనిది చూపించగలరు.

కొన్ని లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నిద్ర నుంచి లేపేంత తలనొప్పి, తెల్లవారుజామున పదేపదే వాంతులు, రోజురోజుకూ పెరిగే నొప్పి, నడకలో తూలడం, చూపు మందగించడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం వీటిలో ముఖ్యమైనవి.

ఒకే మందు, రెండు వ్యాధులు

మూర్ఛకు వాడే మందుల్లో టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ మైగ్రేన్ నివారణకూ ఉపయోగపడతాయి. రెండు వ్యాధులూ ఉన్న బిడ్డకు ఒకే మందుతో రెండింటినీ అదుపు చేసే అవకాశం వైద్యులకు దీనివల్ల లభిస్తుంది. అంతమాత్రాన మూర్ఛ మందులన్నీ మైగ్రేన్‌కు పనిచేయవు. మైగ్రేన్‌కు ఇచ్చే ప్రొప్రనొలాల్, ఫ్లునారిజిన్ వంటి మందులు మూర్ఛ చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. మందు పనిచేసింది కాబట్టి జబ్బు ఫలానాదే అని నిర్ధారించుకోవడమూ పొరపాటే.

ఈ మందులకు దుష్ప్రభావాలున్నాయి. టోపిరమేట్ వల్ల ఆకలి, బరువు తగ్గవచ్చు, చెమట తక్కువ పట్టవచ్చు, మాటల కోసం తడుముకోవలసి రావచ్చు. మన వేసవిలో చెమట పట్టకపోవడం చిన్న విషయం కాదు. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కాబట్టి, గర్భం దాల్చే వయసు గల బాలికలు, మహిళలకు దాన్ని సూచించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఇప్పటికే వాడుతున్నవారు వైద్యుడిని సంప్రదించకుండా తమంతట తాము మానకూడదు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తీవ్రంగా తిరగబెట్టే ప్రమాదం ఉంది.

మూర్ఛ లేని మైగ్రేన్‌కు మందుల అవసరం ఎంత అన్నదానిపై అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ల వారిపై జరిగి, 2017లో వెలువడిన పరీక్ష ఆలోచింపజేసింది. ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడు బృందాల్లోనూ సగానికి పైగా పిల్లలకు తలనొప్పి రోజులు సగమో, అంతకు మించో తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర కన్నా మందులు మెరుగని తేలలేదు. వేళకు నిద్ర, వేళకు భోజనం, తగినన్ని మంచినీళ్లు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ చికిత్సలో మొదటి మెట్టు అని నిపుణులు చెప్పడానికి ఇటువంటి ఫలితాలు బలమిస్తున్నాయి. నిద్రలేమి మూర్ఛకూ ప్రధాన ప్రేరకమే. పరీక్షల కోసం రాత్రంతా మేల్కొల్పి చదివించడం, పొద్దున ఏమీ తినకుండా బడికి పంపడం ఈ పిల్లలకు రెండు విధాలా చేటు చేస్తాయి. నొప్పి మాత్రలు వారంలో రెండు మూడు రోజులకు మించి అవసరమవుతుంటే వైద్యుడికి చెప్పాలి. అతిగా వాడితే ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయి.

ఫిట్ వచ్చినప్పుడు

బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, మెడ దగ్గర బిగుతుగా ఉన్న దుస్తులు వదులు చేయాలి. గడియారం చూసి సమయం గుర్తు పెట్టుకోవాలి. నోట్లో చెంచా గానీ, గుడ్డ గానీ, నీళ్లు గానీ పెట్టకూడదు. కాళ్లూచేతులను అదిమి పట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్ ఆగదు. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. తాళాలకు దక్కిన పేరు నిజానికి కాలానిది. ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే మళ్లీ వచ్చినా, మొదటిసారి వచ్చినా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి.

పేరు మార్చితే జబ్బు మారదు

ఇంట్లో తలనొప్పి గురించి మాట్లాడుకున్నంత తేలికగా మూర్ఛ గురించి మాట్లాడుకోరు. ఆడపిల్ల అయితే పెళ్లి మాట, మగపిల్లవాడైతే ఉద్యోగం మాట ముందుకు వస్తాయి. అందుకే కొన్ని కుటుంబాలు మూర్ఛను కూడా పార్శ్వనొప్పి అనే చెప్పుకుంటాయి. బడిలో చెప్పరు. మందులు దాచి వేస్తారు. ఉపాధ్యాయులకు తెలియకపోవడం వల్ల, ఫిట్ వచ్చినప్పుడు బిడ్డకు సరైన సాయం అందదు. పిలిస్తే పలకని క్షణాలను పరాకుగా భావించి దండించడమూ జరుగుతుంది.

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ముందుంది. వివాహ చట్టాల సవరణ ద్వారా 1999లోనే హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం నుంచి మూర్ఛ ప్రస్తావనను తొలగించారు. మూర్ఛ ఉన్నవారి వివాహం ఆ కారణంగా చెల్లకుండా పోదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలల్లో నిర్వహించే ఆరోగ్య పరీక్షల్లో మూర్ఛ కూడా ఉంది. బృందం వచ్చిన రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తాము గమనించిన సంగతులు దాచకుండా చెబితే, అవసరమైన బిడ్డను పై ఆసుపత్రికి పంపే ఏర్పాటు ఆ కార్యక్రమంలో ఉంది. ఏటా నవంబరు 17న పాటించే జాతీయ మూర్ఛ దినోత్సవం ఉద్దేశం కూడా ఈ మౌనాన్ని తొలగించడమే.

తరగతిలో రంగు చుక్కలు చూసిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఉన్నది మైగ్రేన్ అయితే నిద్ర, భోజనం వేళలు సరిచేయడంతో చాలావరకు తేలికపడవచ్చు. మూర్ఛ అయితే సరైన మందుతో ఫిట్స్ ఆగిపోయే అవకాశం ఎక్కువ, వయసుతో పాటు ఆ వ్యాధే తగ్గిపోయే అవకాశమూ ఉంది. రెండూ ఉంటే రెండింటికీ చికిత్స ఉంది. ఏది ఉన్నదో తేలడానికి మాత్రం, ఆ రోజు అతని పక్కన కూర్చున్న స్నేహితుడు, పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడు, ఇంటికి తీసుకువచ్చిన తల్లి చూసింది చూసినట్టు వైద్యుడికి చేరాలి.